ఇద్దరి నోట – 14 : దేరపొద్దు

గత వారం ఉజ్మా అచ్చుప్రతిలోని రెండువందల పన్నెండో పుటలో ఒక మాట మీద వేలు పెట్టి నవ్వింది. ఆ నవ్వు ముగియకముందే ఏడ్చింది. కథ అక్కడ ఆగింది. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారి కోసం మిగిలినది క్లుప్తంగా చెబుతాను.

ఆచార్య కుల్సుమ్‌బీ మొన్న ఆగస్టులో మరణించింది. పాన్‌గల్‌లో ఒక దర్జీకి కూతురిగా పుట్టి, గద్వాల కళాశాలలో తెలుగు పాఠం చెప్పి, ఆ తరువాత విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పదవీ విరమణ చేసిన మనిషి. ముప్పై ఏళ్లకు పైగా పాలమూరు ఊళ్లు తిరిగి మాటలు సేకరించింది. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. ఆ చీటీలు దాచడానికి చెప్పుల డబ్బాలు. మొత్తం పందొమ్మిది డబ్బాలు. ఆమె దవాఖానాలో ఉన్న నెలలో, ఆమె పూర్వ విద్యార్థి, ఇప్పుడు తానే ఆచార్యుడైన వెంకట్రాములు, ఇంట్లో చెదలు పడతాయన్న మిషతో వాటిలో పదకొండింటిని నాగర్‌కర్నూలులోని తన ఇంటికి చేర్చుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. డిసెంబరు పదిహేడు, ఆదివారం, వనపర్తిలో ఆమె సంస్మరణ సభ. వెంకట్రాములు పేరుతో వస్తున్న ‘పాలమూరు మాటల మూట’ అనే నిఘంటువు ఆవిష్కరణ కూడా ఆ సభలోనే. నా పేరు అలివేలమ్మ. గద్వాల కళాశాల గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. కుల్సుమ్‌బీ ఒక్కగానొక్క కూతురు ఉజ్మా తెలకపల్లిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది; నన్ను పెద్దమ్మ అంటుంది.

ఇక ఆ మాట. అచ్చులో ఇలా ఉంది:

‘దేరపొద్దు: సంధ్యవేళ, గృహిణులు దైవమునకు దీపము పెట్టు పుణ్యసమయము. కన్నడ దేవర శబ్దము నుండి వచ్చినది. గట్టు ప్రాంతము.’

“దేవరా లేదు, గీవరా లేదు,” అన్నది ఉజ్మా, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. “దేర్, పెద్దమ్మా. దేర్ హోగయీ అంటం గద ఇంట్ల, ఆ దేర్. ఆలస్యం. గిది నా మాట. నేను కట్టిన మాట.”

“నువ్వు కట్టుడేంది?”

“నాకు ఐదేండ్లు. శనివారం శనివారం అమ్మీ నన్ను గట్టు ఊరికి తోల్కపోతుండె. జములవ్వ ఇంట్ల ఇడిసిపెట్టి, పొద్దుగూకేలోపు వస్తనని ఊర్ల మీదికి పోతుండె. పొద్దు గూకుతుండె. అమ్మీ రాకపోతుండె. నేను అరుగు మీద కూసోని, ‘దేరపొద్దు అయింది, దేరపొద్దు అయింది’ అని మొత్తుకుంటుంటి. సగం ఇంటి మాట, సగం బయటి మాట. గట్టుల ఎవరన్న అంటరా దాన్ని? లోకంల ఎవరన్న అంటరా?”

అప్పుడు నాకు ఆ నవ్వు అర్థమైంది. గ్రంథాలయంలో పనిచేసినవారికి ఒక సంగతి అనుభవంలో తెలుస్తుంది: ఒప్పులు ఎవరి పుస్తకంలోనైనా ఒకే తీరుగా ఉంటాయి, తప్పులు మాత్రం తమ తల్లిదండ్రులను పోలి ఉంటాయి. ఐదేళ్ల పిల్ల ఏడుస్తూ అల్లిన మాట ఏ ఊళ్లోనూ వినబడదు. అది కుల్సుమ్‌బీ చీటీలో ఉండి ఉంటే తప్ప వెంకట్రాములు పుస్తకంలోకి రాదు. తాను పదకొండేళ్లు ఊరూరా తిరిగి ప్రతి మాటనూ స్వయంగా విన్నానని ఆయన ముందుమాటలో రాసుకున్నాడు. ఈ ఒక్క మాటను మాత్రం ఆయన విని ఉండే అవకాశం లేదు.

దొంగ చేతిలో మా ఇంటి బొమ్మ దొరికినట్టే అనుకున్నాను. ఆ సంతోషం ఇరవై నాలుగు గంటలు కూడా నిలవలేదు.

గురువారం నాడు ఇద్దరమూ గద్వాలలో బస్సెక్కాము. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లతో నాగర్‌కర్నూలు దాకా ప్రయాణం అంటే దారి పొడవునా మోకాళ్ల గురించే ఆలోచించడం. అందుకని సభ ఆహ్వానపత్రం తీసి చదివాను. నాలుగు పుటల పత్రం. అందులో ‘మాతృమూర్తి’ అన్న మాట ఏడుసార్లు ఉంది. ‘కన్నతల్లి వంటి’ అన్నది మూడుసార్లు. విద్యార్థులకు ఆమె స్వహస్తాలతో వండి వడ్డించిన వైనం ఒక పేరా నిండా ఉంది. ‘పరిశోధన’ అన్న మాట లేదు. ‘చీటీ’ అన్న మాట లేదు. ఆచార్యుడు చనిపోతే ఆయన పుస్తకాల గురించి మాట్లాడతారు. ఆచార్యురాలు చనిపోతే ఆమె వంట గురించి మాట్లాడతారు. ఉజ్మాకు కూడా సభలో ఐదు నిమిషాలు కేటాయించారు. అంశం: ‘అమ్మగా మేడమ్’.

వెంకట్రాములు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, సందర్భానికి తగినంత వినయం.

“రండి మేడమ్, రండి. ఒక ఫోన్ జేస్తే నేనే వస్తుంటి గద. చెల్లె, బాగున్నవా?”

“బాగున్న సార్.”

“సార్ ఏంది? అన్నా అను. మేడమ్ నాకు తల్లి అయితె నువ్వు చెల్లెవు గాదా?”

“అట్లనా,” అన్నది ఉజ్మా. “మరి అమ్మీ దవాఖానల ఉన్నప్పుడు మంచం పక్క కూసునే వంతు నీకు గూడ రావాలె గద, అన్నా. డబ్బాలు మోసే వంతే వచ్చినట్టున్నది.”

ఆయన వినలేదన్నట్టు లోపలికి కేకవేశాడు. ఆయన భార్య నవనీత చాయ్ తెచ్చింది. ఆమె మంచి మనిషి. ఆ ఇంట్లో జరుగుతున్నదేమిటో ఆమెకు తెలియదని ఆమె ముఖమే చెబుతున్నది.

“మేడమ్ అందరికి వండిపెడుతుండెనంట గద చెల్లె? ఈన ఎప్పుడు జెప్తుంటడు. బగార అన్నం మస్తు చేస్తుండెనంట.”

“మా అమ్మీకి ఉత్త అన్నం వండుడే రాకపోతుండె అక్కా. ఎసరు పెట్టి చీటీ రాసుకుంట కూసుంటుండె. మాడిన వాసన పక్కింటికి పోయి, వాళ్లొచ్చి చెప్తె లేస్తుండె. నేను మెతుకు మాడకుంట తిన్నది అత్తగారింట్లనే.”

నవనీత గట్టిగా నవ్వింది. ఆమె భర్త నవ్వలేదు. ఇది వాస్తవమని నేను సాక్ష్యం చెప్పగలను. కుల్సుమ్‌బీ వంట బాగా చేసేది కాదు. ఆమె బాగా చేసినవి వేరే ఉన్నాయి.

“డబ్బాలు ఏవి?” అని అడిగాను.

“ఆ బాధ ఏం జెప్పమంటరు మేడమ్! ఏ చెదలకు భయపడి తెచ్చిన్నో, ఆ చెదలే ఈడ గూడ పట్టినయి. ఒక్క చీటీ మిగల్లె. చూసి నాకు మూడు దినాలు బువ్వ పోలె.”

“మంచి చదువుకున్న చెదలు,” అన్నాను. “తిన్న చీటీలన్నీ మీ పుస్తకంల అకారాదిక్రమంల తేలినయి.”

నవనీత ఖాళీ పళ్లెం తీసుకుని మెల్లగా లోపలికి వెళ్లింది. వెంకట్రాములు మాత్రం కుర్చీలో ఇంకాస్త సుఖంగా సర్దుకున్నాడు.

“అలివేలమ్మ మేడమ్, మీరు పెద్దోళ్లు. మీరు ఏమన్నా నేను పడ్త. కాని నేను గూడ ఊర్లు తిరిగిన. ఎండల తిరిగిన. మాటలు ఎవరి సొత్తు గావు. మేడమ్ విన్న నోళ్లే నేను గూడ విన్న.”

ఉజ్మా పుస్తకం తెరిచింది. రెండువందల పన్నెండో పుట ఆయన వైపు తిప్పింది.

“ఇది ఎవరి నోట విన్నవ్ అన్నా?”

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. “దేరపొద్దు. ఆ, గట్టు దిక్కు మాట. ఆడోళ్లు అంటరు.”

“ఏ ఆడోళ్లు? పేరు చెప్పు.”

“ఎనక జాబితా ఉన్నది చూడు. జములమ్మ అని ఒక ముసలామె చెప్పింది. గట్టుల. పాపం, మంచి మనిషి. పోయిందని విన్న.”

ఉజ్మా పుస్తకం మూసింది. తరువాత, నాకు చెప్పినదంతా ఆయనకు చెప్పింది. ఐదేళ్ల వయసు, శనివారాలు, అరుగు, దేర్ అన్న ఉర్దూ మాట, పొద్దు అన్న తెలుగు మాట. లెక్క చెప్పినట్టు మెట్టు మెట్టుగా చెప్పింది. దేవరా లేదు, దీపమూ లేదు, పుణ్యమూ లేదు. అమ్మ రాలేదని ఏడ్చిన ఏడుపు అది అని ముగించింది.

వెంకట్రాములు గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. దాన్ని చెంచాతో ఒక పక్కకు తీసి, ఒక గుక్క తాగాడు. మాట్లాడినప్పుడు ఆయన గొంతు మునుపటి కంటే మెత్తగా ఉంది.

“సరే చెల్లె. నువ్వు చెప్పేదే నిజం అనుకుందం. అది నీ మాట. నేను మేడమ్ చీటీల నుంచి దించిన. అనుకుందం. అయితె నాకు ఒక్కటి చెప్పు. మేడమ్ చీటీల ఆ మాట ఎట్లున్నది?”

ఉజ్మా పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుంది.

“ఇద్దరి నోట వినంది నేను రాయను అంటుండె గద మేడమ్. రెండు ఊర్లోళ్లు, ఒకరి తాన ఒకరు నేర్వనోళ్లు, ఇద్దరి నోట వస్తెనే అది మాట అని మాకు పాఠం చెప్పింది. అలివేలమ్మ మేడమ్‌కు గూడ తెలుసు. గసొంటి మనిషి, కన్నబిడ్డ ఏడుపును గట్టు మాట అని రాసుకున్నదా? ఆదివారం మైకుల చెప్పు. ఐదు నిమిషాలు ఉన్నయి గద నీకు. వెంకట్రాములు దొంగ అని చెప్పు. నేను తల వంచుకోని కూసుంట. మరి ఆనంక పండితులు ఏమంటరు? ఒక చీటీ అబద్ధమైతె మిగిలిన పదివేల చీటీలు నిజమని ఎవరు నమ్ముతరు? నా పుస్తకం పోతది, పోనీ. మీ అమ్మ పేరు గూడ పోతది. నాకు ఇంకో పుస్తకం రాసే వయసున్నది. ఆమెకు లేదు.”

నేను జీవితంలో చాలా పుస్తకాలు చదివాను. దుర్మార్గులు కోపంతో ఊగిపోతారని, లేదా భయంతో తడబడతారని వాటిలో చాలావాటిలో ఉంది. ఒక దుర్మార్గం ఇంత చల్లగా, ఇంత సక్రమమైన తర్కంతో, చేతిలో చాయ్ గ్లాసుతో కూర్చుని ఉండగలదని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ఆయన చెప్పినదానిలో ఒక్క వాక్యాన్ని కూడా నేను ఖండించలేకపోయాను.

మేము లేచాము. ఆయన మమ్మల్ని ఒక్క నిమిషం ఆగమని, బల్ల మీది కట్టలోంచి పుస్తకం ఒకటి తీసి, మొదటి పుటలో రాసి ఉజ్మా చేతికిచ్చాడు. ‘చెల్లెలు ఉజ్మాకు, ఆశీస్సులతో, వెంకట్రాములు.’ చదువుకునే రోజుల నుంచి ఆయన దస్తూరికి ఒక అవలక్షణం ఉంది: తలకట్టును అక్షరానికి తగిలించడు. ప్రతి అక్షరం మీదా అది గాలిలో, విడిపోయిన గొళ్లెంలా వేలాడుతుంది. మూడేళ్లు నా గ్రంథాలయ రిజిస్టరులో ఆ వేలాడే తలకట్లను చూసి విసుక్కున్నాను. ముప్పై ఏళ్ల తరువాత కూడా అవి అట్లాగే ఉన్నాయి.

తిరుగు బస్సు వనపర్తి దాటింది. ఉజ్మా అడిగింది.

“పెద్దమ్మా, అమ్మీ నిజంగ గట్ల రాసి ఉంటదా? నా మీది ప్రేమతోని అబద్ధం రాసి ఉంటదా?”

“మీ అమ్మ ప్రేమతోని ఏమన్న చేసి ఉంటది. అబద్ధం మాత్రం రాయది.”

“మరి చీటీల ఎట్లున్నది?”

“తెల్వదు బిడ్డా.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. పెబ్బేరు దగ్గర మళ్లీ మాట్లాడింది, నాతో కాదన్నట్టుగా.

“నాకు ఒక్కటి యాదికి వస్తలేదు. ఆ మాట మొదటిసారి అన్న దినం, అమ్మీ వచ్చినంక, నేను ఏడ్సుకుంట ఉరికిన. గది యాదికున్నది. ఆమె ముందుగాల నన్ను ఎత్తుకున్నదా, సంచిల నుంచి చీటీ తీసిందా? ముప్పై రెండేండ్ల నుంచి ఆలోచిస్తున్న. యాదికి రాదు.”

రెండు పనులకూ కుల్సుమ్‌బీకి ఉన్నవి రెండు చేతులే. భర్త పోయేనాటికి ఉజ్మాకు రెండేళ్లు. ఆ బిడ్డను సాకడానికి ఉద్యోగం కావాలి. ఉద్యోగం నిలవడానికి పరిశోధన కావాలి. ఆ పరిశోధన కోసం బిడ్డను ఒకరి అరుగు మీద వదలాలి. ఆమెను మాతృమూర్తి అని ఏడుసార్లు అచ్చువేసినవారిలో ఒక్కరు కూడా ఆ రోజుల్లో ఒక శనివారం ఆ పిల్లను చూసుకుంటామని అనలేదు. నేనూ అనలేదు. శనివారాలు గ్రంథాలయం తెరిచి ఉండేది. ఆ కారణం అప్పట్లో నాకు సరిపోయింది.

గద్వాల చేరేసరికి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. జములమ్మ పోయిందని విన్నానన్నాడు వెంకట్రాములు. ఆయన విన్నానని చెప్పినవేవీ ఆయన వినలేదని మాకు అప్పటికే తెలుసు. ఇది మాత్రం ఎందుకు విని ఉంటాడు? గట్టులో బస్టాండు పక్క ఎస్.టి.డి. బూత్ నడిపే ఫకీర్ నంబరు కుల్సుమ్‌బీ పాత డైరీలో ఉంది. ఫోన్ చేశాను.

“జములవ్వనా? ఎందుకు లేదు మేడమ్, ఉన్నది. మొన్ననే వచ్చి, నా అల్లునికి ఫోన్ కలుపు అని నా పానం తీసింది. రేపు వస్తరా? పొద్దున అని చెప్పాల్నా? చెప్త, చెప్త.”

జములమ్మ బతికి ఉంటే మాకు మరో దారి ఉంది. దేరపొద్దు అన్న మాట తన నోట ఎన్నడూ రాలేదని ఆమె ఒక్క ముక్క చెబితే చాలు. వెంకట్రాములు తన జాబితాలో రాసుకున్న సాక్షే ఆయన్ను అబద్ధాలకోరని తేల్చినట్టు అవుతుంది; కుల్సుమ్‌బీ చీటీల ఊసు ఎత్తకుండానే పని జరిగిపోతుంది. ఆ రాత్రి చాలాకాలానికి నిద్రపట్టింది.

శుక్రవారం ఉదయం బయలుదేరిన బస్సు గద్వాల దాటిన గంటలోపే ఆగిపోయింది. మరో బస్సు వస్తుందన్నారు. అది వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. చేలలో కందికట్టెలు కుప్పలు పడి ఉన్నాయి. మేము గట్టులో దిగి ఆ ఇంటికి చేరేసరికి ఎండ గోడల మీది నుంచి దిగిపోయింది. వాకిట్లో వెలుగు మాత్రం ఇంకా ఉంది.

చనిపోయిందని మేము విన్న జములమ్మ చేట పట్టుకుని కందులు చెరుగుతున్నది. ఎనభై ఏళ్లకు దగ్గర. మమ్మల్ని చూసి చేట దించి, చేయి నడుము మీద పెట్టుకుని లేచింది.

“ఏందమ్మా! పొద్దుగాల వస్తమని ఫోన్ జేపిస్తిరి. బువ్వ వండి కూసున్న. ఇంత దేరపొద్దు చేస్తరా!”

ఉజ్మా అడుగు గడప మీదే ఆగింది.

“ఏమన్నవ్ అవ్వా?”

“ఏమన్న? దేరపొద్దు చేస్తిరి అన్న. పొద్దుగూకె, వస్తమన్నోళ్లు రాకపాయె అని సందు దిక్కే చూసుకుంట ఉన్న. కూసోండ్రి, కాళ్లు కడుక్కోండ్రి. అలివేలమ్మ గదా నువ్వు? బాగా ముసలిగైనవే!”

నా వయసు గురించి ఆమె చెప్పినదానికి నొచ్చుకునే స్థితిలో నేను లేను. మేము ఏ మాట కోసం వచ్చామో ఆ మాటనే, మేము అడగకుండానే, ఆమె మా ముఖాన పడేసింది. లోపలి నుంచి ఆమె కోడలు, “దేరపొద్దు గాక ఏం జేస్తరత్తా, బస్సు ఖరాబై ఉంటది,” అని కేకవేసింది. కోడలు కూడా.

ఇక లేని మాట అనడానికి వీల్లేదు. ఈ ఇంట్లో ఉంది, ఈ సందులో ఉంది, నీళ్ల కాడ ఉంది. అత్త నోట ఉంది, కోడలి నోట ఉంది. వెంకట్రాములు అబద్ధం చెప్పాడు. ఆయనకే తెలియకుండా అది నిజమై కూర్చుంది. జములమ్మ బతికే ఉందని తెలిస్తే, ఆదివారం ఆయన ఆమెను వేదిక మీదికి పిలిపించినా ఆశ్చర్యం లేదు. ఆమె నోరు తెరిస్తే చాలు, ఆయన గెలుస్తాడు.

“అవ్వా,” అన్నది ఉజ్మా, ఆమె పక్కన నేల మీద కూర్చుని. “ఈ మాట నువ్వు యాడ నేర్చినవ్?”

“యాడనేంది? నీ తాన్నే! గీ అరుగు మీద కూసోని, ముక్కు చీదుకుంట, ‘దేరపొద్దు అయింది అవ్వా’ అని నా పానం తింటుంటివి. మాకు గీ నమూనా మాట లేకుండె. మాపటీలి అంటుంటిమి, అది పొద్దు పేరు. ఎదురుచూసే పొద్దుకు పేరు లేకుండె. నీ మాట మంచిగనిపించి నేను పట్టుకున్న. నా మాట మా కోడండ్లు పట్టుకున్నరు. పట్నం పోయిన పిల్లలు గూడ గట్లనే అంటరు.” ఆమె ఉజ్మా గదవ పట్టుకుని తిప్పి చూసింది. “నువ్వు పెద్దగైనంక ఒకపారి మీ అమ్మ గూడ గిట్లనే అడిగింది. అచ్చం గిట్లనే. ‘యాడ నేర్చినవ్’ అని. నీ బిడ్డ తాన్నే నేర్చిన బీబమ్మా అన్న. ఆమె ముఖం నల్లగైంది. పెన్ను తీసి రాసుకున్నది, మల్ల ఆ కాయితం నా చేతులనే పెట్టింది.”

“నీ చేతుల పెట్టిందా?”

“ఆ. ‘ఈ మాట చెల్లదు జములమ్మా. చెల్లని మాట ఎవరిదైతె వాళ్లకే తిరిగియ్యాలె, నా డబ్బాల ఉండొద్దు’ అన్నది. నాకు చదువు రాదు గద. ఇచ్చింది, దాచిపెట్టిన.”

నేను మరిచిపోయిన సంగతి అది. కుల్సుమ్‌బీకి ఆ అలవాటు ఉండేది. రెండో నోరు సరిగా దొరకని మాటను ఆమె చించి పారేసేది కాదు. ఎందుకు చెల్లదో చీటీ మీద రాసి, వెంట ఉన్న విద్యార్థి చేత చదివించి, వాళ్లు మళ్లీ పొరపాటున దాన్ని ఎత్తుకోకుండా సంతకం పెట్టించి, మాట ఇచ్చిన మనిషికే ఇచ్చివేసేది. డబ్బాలో మొదట విన్ననాటి పచ్చిచీటీ ఒక్కటే మిగిలేది, రెండో నోటి గడి ఖాళీగా. అంటే వెంకట్రాములు దించుకున్నది ఆ పచ్చిచీటీని. ఖాళీ గడిని ఆయన జములమ్మ పేరుతో నింపుకున్నాడు. మరి ఆ పేరు ఆయనకు ఎట్లా తెలిసింది?

జములమ్మ లోపలికి వెళ్లి ఇనుప పెట్టె తెరిచింది. రేషన్ కార్డు, ఎవరిదో చిన్న ఫోటో, పసుపు గుడ్డలో చుట్టిన గాజులు. వాటి అడుగున, నాలుగు మడతలుగా, ఒక చీటీ. ఉజ్మా దాన్ని వాకిట్లోని వెలుగులోకి తెచ్చి విప్పింది. నల్ల సిరా. నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా నిలబడే ఆ అక్షరాలను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. ఉజ్మా పైకే చదివింది.

“‘దేరపొద్దు. రావలసిన మనిషి రాక, పొద్దు గూకిన తరువాత మిగిలే వెలుగు. మొదటి నోరు: ఉజ్మా, నా బిడ్డ, ఐదేళ్లు, గట్టులో. రెండో నోరు: జములమ్మ, గట్టు. మొదటి నోటి నుంచే నేర్చినది కనుక చెల్లదు. అచ్చుకు ఇవ్వరాదు.’”

కింద మరో రెండు వాక్యాలు ఉన్నాయి. వాటిని ఆమె పైకి చదవలేదు. చీటీ నాకు అందించింది. నేను కళ్లజోడు సర్దుకుని చదువుకున్నాను.

‘మొదటిసారి విన్నప్పుడు ముందు రాసుకున్నాను, తరువాత ఎత్తుకున్నాను. ఈ మాట పుట్టడానికి కారణం నేను.’

ముప్పై రెండేళ్ల ప్రశ్నకు జవాబు. ఆమె తనను తాను కూడా ఒక మాటను పరిశీలించినట్టే పరిశీలించుకుంది. ఎక్కడ తప్పుందో గుర్తించి, రాసి, తేదీ వేసింది: 7-12-1991.

జములమ్మకు చదువు రాకపోయినా మా ముఖాలు చదవడం వచ్చు. చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

అప్పుడు చూశాను. తేదీ కింద, నీలం సిరాతో, వేరే చేతి రాత. ఒకే ఒక వరుస.

‘ఈ మాట అచ్చుకు రాదని మేడమ్ చెప్పినారు. విన్నాను.’

కింద సంతకం పొడి అక్షరాల్లో ఉంది. పేరు చదవవలసిన అవసరం నాకు కలగలేదు. ప్రతి అక్షరం మీదా తలకట్టు గాలిలో, విడిపోయిన గొళ్లెంలా వేలాడుతున్నది. ఉజ్మా సంచిలోంచి నిన్నటి పుస్తకం తీసి, ఆశీస్సుల పుట తెరిచి, చీటీ పక్కన పెట్టాను. రెండింటి మధ్య పదిహేనేళ్లు ఉన్నాయి, తేడా లేదు.

పదిహేనేళ్ల కిందట ఇదే వాకిట్లో నిలబడి, జములమ్మ పేరు విని, ఈ మాట చెల్లదని చదివి సంతకం పెట్టినవాడు, ఆ మాటనే దేవుడి దీపం కింద పెట్టి అచ్చువేశాడు. తల్లి పేరు చెడకుండా దొంగను పట్టించే కాగితం ప్రపంచంలో ఏదైనా ఉంటే, అది మా చేతిలో ఉంది.

“ఉజ్మా,” అన్నాను, “ఆదివారం ఇది చదివితే చాలు. మొదటి అక్షరం నుంచి సంతకం దాకా. ఐదు నిమిషాలు గూడ పట్టది.”

ఆమె చీటీని నా చేతిలోంచి తీసుకుంది. పాత మడతల మీదనే జాగ్రత్తగా మడిచింది.

“సంతకం దాకా చదవాల్నంటె, పెద్దమ్మా, నడుమ ఉన్నది గూడ చదవాలె గద?”

“చదవాలె. సగం చదివితె మిగిలిన సగం ఎందుకు దాచినవని ఆయనే అడుగుతడు.”

“మా అమ్మీ నన్ను ఎత్తుకోకముందు పెన్ను తీసిందని, మూడు వందల మంది ముందట, మైకుల, నా నోటితోని చెప్పాలె.”

“ఆమె నోటితోనే చెప్పింది బిడ్డా. నువ్వు రెండో నోరువు.”

వాకిట్లో వెలుగు ఇంకా పోలేదు. అరుగు మీద, ఐదేళ్ల వయసులో తాను కూర్చున్న చోటనే కూర్చుని, ఉజ్మా రోడ్డు వైపు చూసింది. లేచి వచ్చి, చీటీని జములమ్మ ఒడిలో పెట్టింది.

“ఆదివారం దాక నీ తాన్నే ఉండనియ్యి అవ్వా,” అన్నది. “కావాలెనంటె వస్త. రాకపోతె, ఇంక ఎవరికీ ఇయ్యకు.”